అత్తెసరు

మన తెలుగున అత్తెసరు అను చక్కని మాట యొకటి కలదు. బియ్యమునకు సరిపోవునంత నీటినే కొలిచి ఎసరు పెట్టి, గంజి వార్చకుండ, ఆ నీరంతయు అన్నములోనే ఇగురునట్లు వండుట అత్తెసరు. నేడు పరీక్షాఫలితముల వేళ ‘అత్తెసరు మార్కులు’ అనినప్పుడు తప్ప ఆ మాట చెవిని పడుట అరుదు. అత్తెసరు వండువారికి మాత్రము కొదువ లేదు. ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని ఉదయము ఏడు గంటలకు ఏ వీథిని నడచినను, వంటింటి గట్టు మీది విద్యుత్ కుక్కరు మీట ‘టక్కు’మని పైకి లేచిన చప్పుడు వినవచ్చును. అత్తెసరు పూర్తియైనదని దాని అర్థము.

ఈ చప్పుడునకు ముందు మన ఇండ్లలో అన్నమెట్లు ఉడికెడిది? మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటి ఒడ్డున నున్నది. మరలలో ఆడిన ధాన్యపు ఊకయే అక్కడి పొయ్యిలకు ఆధారము. వానకాలమున బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు ఊక తడిసెడిది, పిడకలు తడిసెడివి, పొయ్యి రాజుటకే గంట పట్టెడిది. పెద్ద ఇత్తడి గుండిగలో ఎసరు మరిగిన పిమ్మట కడిగిన బియ్యము పోసి, మెతుకు పట్టి చూచి, సిబ్బి మూసి, గుడ్డతో అంచులు పట్టుకొని వార్చవలెను. పదిమందికి వండిన గుండిగను వంచుట ఎంతటి పనియో చేసినవారికే తెలియును. అమ్మమ్మ కుడి మణికట్టు మీద గంజి కాలిన మచ్చ కడవరకు ఉండెను. ఆ తరము స్త్రీలలో అట్టి మచ్చ లేని చేతులు ఎన్ని యుండునో నేనెరుగను.

వార్చిన గంజి వ్యర్థము కాలేదు. కొంత చీరలకు పెట్టిరి, కొంత ఉప్పు వేసుకొని త్రాగిరి, తక్కినది గేదె కుడితిలో పోసిరి. అయినను గంజితోపాటు ఇంటినుండి వెడలిపోయిన వస్తువు మరియొకటి కలదు. దాని కథ కొంత విస్తరించి చెప్పవలసి యున్నది.

1835లో మాల్కంసన్ అను మద్రాసు సైన్యపు వైద్యుడు బెరిబెరి వ్యాధిని గురించి యొక గ్రంథము ప్రకటించెను. కాళ్లు తిమ్మిరెక్కి, ఒడలు వాచి, తుదకు గుండె ఆగు ఈ రోగము గంజాము మొదలు మచిలీపట్నము వరకు గల ఉత్తర సర్కారుల తీరమున మెండుగా నుండెను. అనగా మన సీమయే. కారణము ఆయనకు బోధపడలేదు. 1890 దశకమున జావా ద్వీపమునందు ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిషు చేసిన బియ్యము మేసిన కోళ్లకు అట్టి రోగమే వచ్చుటయు, తవుడు పెట్టగా అది కుదురుటయు గమనించెను. గింజ పైపొరలో బి1 అను విటమిను గలదనియు, అది నీటిలో సులువుగా కరగుననియు తరువాతివారు తేల్చిరి.

ఈలోగా మన డెల్టా మారిపోయెను. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తికాగా కాలువలు సాగి, వరి విస్తరించెను. తరువాత బియ్యపు మరలు వచ్చెను. దంపుడు బియ్యము పోయి మల్లెమొగ్గవంటి తెల్లబియ్యము గౌరవమునకు గుర్తయ్యెను. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ధాన్యమును ముందే ఉడకబెట్టుటచే విటమిను పొరనుండి గింజలోనికి ఇంకి కొంత నిలిచెడిది. మనవారు తినినది పచ్చిబియ్యము. మరలో కొంత, నాలుగు నీళ్లతో కడుగుటలో కొంత, గంజిలో మరికొంత పోవగా పళ్లెములో మిగిలినది స్వల్పము. కూనూరు పోషకాహార పరిశోధనశాల సంచాలకుడు ఐక్రాయిడ్, సహచరులతో కూడి 1940లో ప్రకటించిన ‘భారతదేశపు బియ్యపు సమస్య’ యందు సర్కారు జిల్లాల బెరిబెరికి సంబంధించిన చర్చ కలదు. ఒక గుడ్డపట్టు, ఒక సిబ్బి, ఒక వంపు: మన వంటింటి అలవాటొకటి ప్రాణములతో ముడిపడి యుండెనని ఎవరు తలచి యుందురు!

ఇక సాధనముల మాట. 1910లో వంగదేశమున ఇందుమాధవ మల్లిక్ ఆవిరితో వండు ఇక్‌మిక్ కుక్కరును కల్పించెను. ప్రెషర్ కుక్కర్లు 1950 దశకాంతమున మన దేశమున తయారు కాసాగెను. ఈలలు లెక్కపెట్టు విద్య నేటికిని మన ఇండ్లలో సజీవముగనే యున్నది. అయితే పొయ్యి దగ్గర మనిషి నిలువక తప్పదు. ఆ కాపలాను తప్పించినది జపాను. 1955లో తోషిబా సంస్థ అమ్మకమునకు పెట్టిన విద్యుత్ కుక్కరును రూపొందించినవాడు మినామి యోషితద అను చిన్న కార్ఖానా యజమాని. ఏ వేడిలో, ఎంతసేపటికి అన్నము కుదురునో కుండల వెంట కుండలు వండి వ్రాసి పెట్టినది ఆయన భార్య ఫుమికో. వెలుపలి పాత్రలో ఒక గ్లాసు నీరు పోసిన, అది ఆవిరియగుటకు సుమారు 20 నిమిషములు పట్టును. ఆపైన వేడి పెరుగగా రెండు లోహముల రేకు వంగి మీట ఆరును. చమత్కారమంతయు ఇంతే.

అదే 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆంధ్రమునకు వెలుగు తెచ్చెను. అయినను కుక్కరు మన ఇండ్లకు చేరుటకు మూడు దశాబ్దులు పైబడెను. పల్లెలకు తీగలు రావలెను, వచ్చిన తీగలలో వోల్టేజి నిలువవలెను, ధర దిగవలెను.

నేటి చవక కుక్కరులో రెండవ పాత్ర లేదు. అడుగున అయస్కాంతమొకటి గలదు. గిన్నెలో నీరున్నంతసేపు వేడి నూరు డిగ్రీలు దాటదు. నీరింకగనే దాటును. కొద్ది డిగ్రీల పైన అయస్కాంతము పట్టు విడుచును, మీట లేచును. మేము ఏలూరులో మొదటి కుక్కరు కొన్నప్పుడు వారము తిరుగకముందే అన్నము పలుకుగా దిగసాగెను. వస్తువు చవక గనుక ఇంతేనని దుకాణదారును మనసులో తిట్టుకొంటిని. గిన్నె యెత్తి చూడగా పళ్లెము మీద ఒక బియ్యపు గింజ మాడి అంటుకొని యుండెను. గిన్నె అడుగు సరిగా ఆనకున్న మీటకు లెక్క తప్పును. తప్పు నాది.

కొనువారికి రెండు మాటలు. నలుగురైదుగురికి 1.8 లీటర్లది చాలును. అది సుమారు 700 వాట్లు లాగును, అరగంటకు యూనిట్టులో మూడవ వంతు. మూడు పుల్లల ప్లగ్గును, ఎర్తు గల సాకెట్టును తప్పనిసరి. కొల్లేటి లంకల తడినేల ఇండ్లలో ఇది మరింత ముఖ్యము. మార్టేరు పరిశోధనా స్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణయైనను, బాపట్ల సాంబమసూరియైనను, పాతబియ్యమునకు రెట్టింపునకు కొంచెము పైగా నీరు పోయుడు. కొత్తబియ్యమునకు తగ్గింపుడు, లేకున్న ముద్దయగును. ఒకటి రెండు మార్లకన్న ఎక్కువగా కడుగకుడు. గంజి వార్చిన మధుమేహమునకు మేలని కొందరందురు గాని, వార్చిన పిమ్మట గిన్నెలో మిగులునది పిండిపదార్థమే గదా. తగ్గింపవలసినది పళ్లెములోని రాశి.

అమ్మమ్మకు ఒక కుక్కరు కొని తీసికొని వెళ్లితిని. మీట నొక్కి, పీట వేసుకొని దాని యెదుటనే కూర్చుండెను. కాపలా అక్కరలేదంటినిగాని లేవలేదు. మరునెల వెళ్లి చూతును గదా, ఇనుమడి నీరు పోసి, అన్నము ఉడుకుచుండగనే తీగ ఊడదీసి, ఆ చిన్న అల్యూమినియము గిన్నెను సిబ్బి మూసి వార్చుచున్నది.

‘‘అత్తెసరు పెడితే సరిపోతుంది కదా అమ్మమ్మా, వార్చడం ఎందుకు?’’ అంటిని.

‘‘నీకు సరిపోద్దిరా అబ్బాయ్, గేదెకి కుడితిలో ఏం పొయ్యమంటావు?’’ అనెను.