చలి మీద నింద, మంచు మీద భ్రమ

డిసెంబరు నెల వచ్చిందంటే బరంపురం నుంచి ఆసిక, సొరడ మీదుగా దారింగబాడికి ప్రయాణాలు మొదలవుతాయి. వెళ్లివచ్చినవారు "అక్కడ మంచు కురిసింది" అంటారు. ఊరికి "ఒడిశా కాశ్మీరం" అనే పేరు కూడా స్థిరపడింది. దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ చిన్న ఊరు నేడు కంధమాల్ జిల్లాలోది. ఒకప్పుడు బల్లిగుడ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని మన గంజాం ఏజెన్సీలో భాగం. 1936లో గంజాంతోపాటు ఒడిశాలో చేరింది. 1948లో గంజాం నుంచి విడిపోయింది. కనుక అక్కడి చలి కథ మన జిల్లా చరిత్రలోనిదే.

ఆ చరిత్రలో కొండ చలి వేడుక కాదు, భయం. 1835-37 మధ్య ఘుమ్సర్ జమీందారు ధనంజయ భంజ్‌ను వెంబడిస్తూ కుంపిణీ సైన్యం కంధుల కొండలెక్కింది. ఆనాటి కమిషనరు రస్సెల్ పేరిటే నేటి భంజనగరం చాలాకాలం "రస్సెల్‌కొండ"గా ఉండేది. పేరులో సగం దొరది, సగం మన తెలుగుది! ఆ దాడిలో జ్వరం సిపాయిలను, దొరలను ఒకే తీరుగా పడగొట్టింది. కొండగాలి, కొండనీరు, కొండచలి పడలేదన్నారు. "మలేరియా" అనే మాటకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. మన "చలిజ్వరం" అనే మాటలోనూ చలే ముందు నిలిచింది.

ఈ నింద నిలవదని చెప్పే సాక్ష్యం అప్పటికే జిల్లాలో ఉంది. ఋషికుల్య ముఖద్వారం దగ్గరి గంజాం పట్టణంలో వణికించే చలి ఏనాడూ లేదు. అయినా 1815లో అక్కడ విషజ్వరం ప్రబలి ఊరు పాడుపడింది, జిల్లా కేంద్రం తరలిపోయింది. తరువాత కలెక్టరు కచేరీ ఛత్రపురంలో స్థిరపడింది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాకగాని అసలు దోషి దొరకలేదు. దోమ ఒంట్లో ఆ క్రిమి ఎదగాలంటే సుమారు 16 నుంచి 18 డిగ్రీల వేడి ఉండాలి. అంటే గట్టి చలి జ్వరానికి అడ్డంకే గాని కారణం కాదు.

ఇక నేటి భ్రమ సంగతి. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన దారింగబాడి మన ఊరికంటే ఆరు డిగ్రీలు చల్లన. మేలో మనకు 38 ఉంటే అక్కడ 32 ఉండాలి. జనవరి రాత్రి మనకు 15 ఉంటే అక్కడ 9 ఉండాలి. కాని కొన్ని రాత్రులు అది సున్నా దగ్గరకు జారుతుంది. మబ్బులేని ఆకాశంలోకి నేల తన వేడిని వదిలేస్తుంది. గాలి ఆడకపోతే చల్లని గాలి పల్లంలో చేరి నిలుస్తుంది. నేలకు నాలుగడుగుల ఎత్తున చెక్కపెట్టెలోని థర్మామీటరు రెండో మూడో చూపుతుండగానే గడ్డి మీది తేమ గడ్డకడుతుంది. తెల్లవారి కనిపించేది అదే. హిమపాతానికి మబ్బు కావాలి. మబ్బు పడితే అది కంబళిలా నేలవేడిని ఆపుతుంది, ఆ రాత్రి చలి తగ్గుతుంది. అందుకే అక్కడ అంత చలీ, మబ్బూ ఒకే రాత్రి కలవవు. మన్యంలోని లంబసింగికీ ఇదే లెక్క.

చిక్కంతా "మంచు" అనే మాటలో ఉంది. ఒడియాలో పొగమంచు కుహుడి, ఆకు మీది బిందువు కాకర, గడ్డకట్టినది బరఫ్. మనకు మూడూ మంచే. బ్యాంకు ఉద్యోగిగా నాకిది మాటల తగవుగా తోచదు. "మంచుకు పంట పోయింది" అని రైతు దరఖాస్తు పెడితే ఏ మంచు అని అడగక తప్పదు. కుహుడి తెగులు పెంచుతుంది. గడ్డకట్టిన మంచు ఒక్క రాత్రిలో లేత ఆకును మాడ్చేస్తుంది. రెంటికీ ఉపాయాలు వేరు.

పేరు తప్పితే మందూ తప్పుతుంది. చలిని నిందించినన్నాళ్లు కంబళి కప్పుకున్నాం. దోమ అని తెలిశాక దోమతెర కట్టుకున్నాం. ఒడిశా ప్రభుత్వం 2017లో "దమన్" పథకం మొదలుపెట్టి, కొండ గ్రామాల్లో జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్షలు చేయించింది. ఈసారి దారింగబాడి వెళ్లినవారు తెల్లని గడ్డిని చూసి ఆనందించవచ్చు. పక్కనే ఉన్న కంధు రైతు మడిలో ఆ రాత్రి ఏం మిగిలిందో కూడా అడిగి రావాలి.