ఎఫెసు సభ

ఒక్క మాట కొఱకు ఒక సామ్రాజ్యమంతయుఁ గలఁత చెందిన వృత్తాంతమును నేఁడు మనవి చేయఁదలఁచితిని.

క్రీ. శ. 428వ సంవత్సరమున నెస్టోరియసు అను సన్యాసి కాన్‌స్టాంటినోపిలు నగరమునకు బిషప్పయ్యెను. అచ్చటి క్రైస్తవులు మరియమ్మను ‘దేవమాత’ యని కొలుచుచుండిరి. దేవునికిఁ బుట్టుక యెక్కడిది, ‘క్రీస్తుమాత’ యనుట మేలని యాయన బోధించెను. క్రీస్తునందలి దైవత్వమును మానుషత్వమును కలగాపులగము చేయరాదని యాయన తాత్పర్యము. ఈజిప్టున అలెగ్జాండ్రియా బిషప్పగు సిరిలు ఇది విని మండిపడెను. ఆ తల్లి కన్నది దేవునినే కానిచో నరులకు రక్షణ యెట్లు కలుగునని యాతని ప్రశ్న. ఇరువురి మాటయుఁ దేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు.

వేదాంతము వెనుక వేఱొక తగవును గలదు. 381లోని సభ క్రొత్త రాజధానియగు కాన్‌స్టాంటినోపిలునకు రోము తరువాతి గౌరవస్థాన మొసఁగెను. ప్రాచీనమగు అలెగ్జాండ్రియా పీఠమునకు ఇది మింగుడుపడదయ్యెను. సిరిలు మేనమామయు, ఆ పీఠమునఁ బూర్వాధికారియు నగు థియొఫిలసు 403లోనే ఒక రాజధాని బిషప్పును పదభ్రష్టునిఁ గావించియుండెను.

రెండవ థియొడోసియసు చక్రవర్తి తగవు తీర్చుటకై 431 జూను 7వ తేదీకి ఎఫెసు పట్టణమున మహాసభ పిలిపించెను. ఆ పట్టణపు శిథిలములు నేఁటి టర్కీదేశపు పడమటి భాగమునఁ గలవు. నెస్టోరియసునకు మిత్రుఁడగు అంతియొకయ బిషప్పు యోహాను దూరపుదారిలోఁ జిక్కుకొని గడువునకు రాలేకపోయెను. సిరిలు రెండు వారములు చూచి, జూను 22న సభ తెఱపించెను. ఆగుఁడని చక్రవర్తి ప్రతినిధి చెప్పినను, 68 మంది బిషప్పులు వ్రాసియిచ్చినను వినఁడయ్యెను. నెస్టోరియసునకుఁ గబుర్లు పోయినవి. అందఱును గూడినఁగాని రానని యాతఁడు బస విడువఁడయ్యెను. ప్రొద్దు గ్రుంకునప్పటికి సుమారు 200 మంది చేవ్రాళ్ళతోఁ దీర్పు ముగిసెను. పట్టణప్రజలు దివిటీలు పట్టి బిషప్పులను బసలకు సాగనంపిరి. పెద్దలు సగము మంది రాకమునుపే చెఱువు తగవు తీర్చినచో నేమగునో మీకుఁ దెలియనిది కాదు.

నాలుగు దినములకు యోహాను వచ్చి, వేఱుసభ కూర్చి, సిరిలునే పదభ్రష్టుఁడనెను. చక్రవర్తి మొదట రెండు తీర్పులను అంగీకరించి ఇరువురిని నిర్బంధించెను! కడపట సిరిలు తన పీఠమునకుఁ జేరెను. నెస్టోరియసు తన మఠమునకును, కొన్నేండ్లకు ఈజిప్టు ఎడారికిని పోవలసివచ్చెను. సిరిలు రాజాస్థానపు అధికారులకుఁ బంపిన కానుకల పట్టిక నేఁటికిని నిలిచియున్నది: తివాసులు, దంతపు ఆసనములు, బంగారము. ఇందులకై 1500 పౌండ్ల బంగారము అప్పయ్యెనని యాతని యనుచరుఁడే వ్రాసెను. అట్లని సిరిలును కేవలము కుటిలుఁడనుట న్యాయము గాదు. 433లో యోహానుతో రాజీపడి, క్రీస్తునందు రెండు స్వభావములు గలవను మాట నాతఁడును ఒప్పుకొనెను. ఆ రాజీకి వెల మాత్రము నెస్టోరియసే. యోహానును ఆతనిని విడిచెను.

ప్రవాసమున నాతఁడు తన వాదమును గ్రంథస్థము చేసెను. దాని గ్రీకుమూలము నశించినది. సిరియను భాషలోని అనువాదము 19వ శతాబ్ది చివర బయల్పడి 1910లో అచ్చయ్యెను. సిరిలే వాదియు, సిరిలే న్యాయాధిపతియు నైన సభకుఁ దానేల పోవలెనని యందు నెస్టోరియసు మొఱ. సుమారు పదునాలుగు వందల యేండ్ల పిమ్మట గదా అది లోకమునకు వినఁబడినది!

నెస్టోరియసును పూజ్యునిగా నెంచు అస్సిరియను తూర్పుసంఘము వారు నేఁడు కేరళమున త్రిశూరునందును గలరు. ఆ సంఘాధిపతి నాల్గవ దింఖాయును, రోము పోపు రెండవ జాన్ పాలును 1994 నవంబరు 11న ఒక ప్రకటనపైఁ జేవ్రాలు చేసిరి. ‘దేవమాత’ యనుటయు ‘క్రీస్తుమాత’ యనుటయు రెండును సరియైనవే యని యందు వ్రాయఁబడియున్నది.