తాపీమేస్త్రి ఇంట్లో దొరికిన ఛందస్సు

సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లలో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. పవర్‌లూమ్‌లను నమ్ముకుని వచ్చిన తెలుగు కుటుంబాల కోసం ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా పెట్టింది. గురులఘువులు గుర్తించి గణాలు విడదీయాలంటే నేటి పిల్లలు పుస్తకం తెరిస్తే చాలు. నూట డెబ్బై ఏళ్ల కిందట ఈ ఊరివాడే ఒకడు అలాంటి పుస్తకం కోసం నానా అవస్థా పడ్డాడు.

అతని పేరు నర్మదాశంకర్ దవే; అందరికీ నర్మద్. 1833 ఆగస్టు 24న సూరత్‌లో పుట్టాడు. తండ్రి ముంబైలో రాతప్రతులకు నకళ్లు రాసే లేఖకుడు. కొడుకు ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చేరాడు, మధ్యలో చదువు ఆపాడు, సూరత్ పక్కనే ఉన్న రాందేర్‌లో బడిపంతులుగా పనిచేశాడు. 1855లో కవిత్వం పిచ్చి పట్టుకుంది. పదాలు వచ్చిపడుతున్నాయి గానీ, ఒక పాదం సాఫీగా నడిచి పక్క పాదం ఎందుకు తడబడుతోందో చెప్పే దిక్కు లేదు.

సంస్కృత వృత్తాలకైతే సంస్కృత గ్రంథాలున్నాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని లెక్కించే దేశి ఛందస్సుల కిటుకులు మాత్రం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరేవి. రాసిపెట్టిన ప్రతి ఎక్కడైనా ఉంటే, ఉన్నవాళ్లు దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు.

చివరికి ఆచూకీ తెలిసింది. పుస్తకం ఉన్నది ఏ పండితుడి ఇంట్లోనో కాదు, ఒక తాపీమేస్త్రి దగ్గర! కవిత్వం మీద మక్కువ ఉన్న ఆ మేస్త్రి పుస్తకాన్ని ప్రాణంలా దాచుకున్నాడు. ఎంత అడిగినా బయటికి ఇవ్వనన్నాడు. నర్మద్ వెనుదిరగలేదు. మేస్త్రి ఇంటికే వెళ్లి, అక్కడే కూర్చుని నకలు రాసుకున్నాడు. తండ్రికి కూడుపెట్టిన విద్యే కొడుకును ఆదుకుంది.

దొరికినదాన్ని అతను దాచుకోలేదు. 1857లో 'పింగళ ప్రవేశ్' పేరుతో ఛందస్సును అచ్చులోకి తెచ్చాడు. మరుసటి ఏడు అలంకారాలమీద ఒకటి, రసాలమీద ఒకటి వెలువరించాడు. ఇంచుమించు అదే కాలంలో మద్రాసులో పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం' తెలుగువాళ్ల చేతికి వచ్చింది.

1858 నవంబరులో నర్మద్ బడి ఉద్యోగం వదిలేసి, ఇక కలమే తిండి పెట్టాలనుకున్నాడు. అది చాలాసార్లు పస్తులే పెట్టింది. అయినా వ్యాకరణం రాశాడు, గుజరాతీ నిఘంటువుకు పూనుకున్నాడు. ఏళ్ల తరబడి కూర్చిన పాతికవేల పైచిలుకు మాటలు 1873లో 'నర్మకోశ్'గా పూర్తి రూపంలో వెలువడ్డాయి. అప్పులు మాత్రం మిగిలాయి.

రింగ్ రోడ్డుకు లోపలి పాతబస్తీలో, గోపీపురాలో అతని ఇల్లుంది. సూరత్ విశ్వవిద్యాలయం అతని పేరే పెట్టుకుంది. గడప దాటని విద్యను ఎవరైనా కొనుక్కుని చదువుకోగల పుస్తకంగా మార్చినవాడికి ఆ గౌరవం తగినదే.