అమెరికా సిట్‌కామ్‌ల చరిత్రలో క్షీణ దశలు

అమెరికా టెలివిజన్‌లో సిట్‌కామ్‌లు, అనగా ప్రతి వారం ఒక కొత్త సందర్భం చుట్టూ అల్లిన హాస్య ధారావాహికలు, 1947 నుండి ప్రసారమవుతున్నాయి. ఈ సుదీర్ఘ చరిత్రలో వాటి నాణ్యత గాని, ప్రేక్షకాదరణ గాని బాగా తగ్గిన కాలాలను క్షీణ దశలుగా పేర్కొనవచ్చును. 1950వ దశకం చివరి సంవత్సరాలు, 1960వ దశకం మధ్యభాగం, 1970వ దశకం చివరి భాగం, 1980వ దశకం ఆరంభం మరియు 2000వ దశకం మధ్యభాగం వీటిలో ముఖ్యమైనవి. ఈ దశలన్నీ ఒకే రకమైనవి కావు. కొన్నింటిలో విమర్శకులు పెదవి విరిచినా ప్రేక్షకులు ఆదరించారు. మరికొన్నింటిలో మంచి ధారావాహికలు ఉన్నా చూసేవారు కరువయ్యారు. సిట్‌కామ్‌ల కాలం చెల్లిందన్న మాట పలుమార్లు వినిపించింది. అయినా ఆ మాట వినిపించిన ప్రతిసారీ ఈ ప్రక్రియ కోలుకున్నది.

స్వరూపం

సిట్‌కామ్‌లో ఒక కుటుంబానికో, కార్యాలయానికో, మిత్రబృందానికో చెందిన స్థిరమైన పాత్రలుంటాయి. అవి ప్రతి వారం ఒక చిక్కులో పడి, అరగంట ముగిసేలోగా దాని నుండి బయటపడతాయి. తెలుగులో జెమిని టీవీలో 2001 నుండి 2007 వరకు ప్రసారమైన 'అమృతం' ఈ కోవకు చెందినదే.

చిత్రీకరణ పద్ధతిని బట్టి వీటిని రెండు విధాలుగా విభజిస్తారు. మొదటి పద్ధతిలో నాటకం వలె ప్రేక్షకుల ఎదుట నటిస్తుండగా పలు కెమెరాలతో ఏకకాలంలో చిత్రిస్తారు. వారి నవ్వులు కూడా ప్రసారంలో వినిపిస్తాయి. రెండవ పద్ధతిలో సినిమా వలె ఒకే కెమెరాతో దృశ్యాలను విడివిడిగా తీస్తారు. ఇటువంటి వాటికి పూర్వం నవ్వుల ధ్వనిని యంత్రంతో తరువాత చేర్చేవారు.

కార్యక్రమాల ప్రేక్షకాదరణను నీల్సన్ సంస్థ లెక్కించి క్రమసంఖ్యలు ఇస్తుంది. ఈ లెక్కల మీదనే ప్రకటనల ధరలు, ధారావాహికల కొనసాగింపు ఆధారపడి ఉండేవి. సాధారణంగా ఒక ప్రసార సంవత్సరం శరదృతువులో మొదలై మరుసటి వసంతంలో ముగుస్తుంది. కనుకనే దానిని 1958-59 వలె రెండు సంవత్సరాలతో సూచిస్తారు.

తొలి వైభవం, కౌబాయ్ కథల పోటీ

1947లో డ్యూమాంట్ నెట్‌వర్క్‌లో మొదలైన 'మేరీ కే అండ్ జానీ' అమెరికా టెలివిజన్‌లో తొలి సిట్‌కామ్. సీబీఎస్‌లో 1951 అక్టోబరు 15న ప్రారంభమైన 'ఐ లవ్ లూసీ' ఈ ప్రక్రియకు స్థిరమైన రూపాన్ని ఇచ్చింది. లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు ప్రధాన పాత్రధారులు. ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో ఫిల్ముపై చిత్రించే పద్ధతికి ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ తోడ్పడ్డాడు. ఈ ధారావాహిక ప్రసారమైన ఆరు సంవత్సరాలలో నాలుగు సంవత్సరాలు ప్రథమ స్థానంలో నిలిచింది.

1957లో అది ముగిసేనాటికి ప్రేక్షకుల దృష్టి కౌబాయ్ కథల వైపు మళ్ళింది. 'గన్‌స్మోక్' 1957 నుండి వరుసగా నాలుగు సంవత్సరాలు ప్రథమ స్థానంలో ఉన్నది. 1958-59లో మొదటి పది కార్యక్రమాలలో ఏడు కౌబాయ్ కథలే కాగా, సిట్‌కామ్‌లు రెండు మాత్రమే.

1960వ దశకం: ఆదరణ ఉన్న క్షీణత

1961 మే 9న సమాచార ప్రసారాల నియంత్రణ సంఘం అధ్యక్షుడు న్యూటన్ మినో ప్రసార సంస్థల ప్రతినిధులను ఉద్దేశించి చేసిన ప్రసంగంలో టెలివిజన్‌ను విశాలమైన బంజరుభూమితో పోల్చాడు. ఆయన తప్పుపట్టిన వాటిలో నమ్మశక్యం కాని కుటుంబాల హాస్య కథలు కూడా ఉన్నాయి. అయితే ఆ తరువాతి సంవత్సరాలలో సిట్‌కామ్‌లు వాస్తవ జీవితానికి మరింత దూరంగా జరిగాయి. మాట్లాడే గుర్రం (మిస్టర్ ఎడ్, 1961-66), గృహిణియైన మంత్రగత్తె (బివిచ్డ్, 1964-72), సీసాలోని భూతం (ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ, 1965-70) వంటివి కథావస్తువులయ్యాయి. నిర్జన ద్వీపంలో చిక్కుకున్న ఏడుగురి కథ అయిన 'గిలిగాన్స్ ఐలాండ్' (1964-67)లో ధ్వంసమైన పడవకు మినో పేరు పెట్టి, నిర్మాత షేర్వుడ్ ష్వార్ట్జ్ ఆ విమర్శకు ఎత్తిపొడుపుతో బదులిచ్చాడు.

ఈ కాలపు బలహీనతకు ఉదాహరణగా ఎక్కువగా చెప్పేది 'మై మదర్ ది కార్'. మరణించిన తల్లి పాత కారుగా పునర్జన్మ ఎత్తి కుమారునితో మాట్లాడడం దీని కథ. 1965-66లో 30 భాగాలు ప్రసారమై నిలిచిపోయింది. 2002లో టీవీ గైడ్ పత్రిక ప్రకటించిన అతి చెడ్డ కార్యక్రమాల జాబితాలో దీనికి రెండవ స్థానం దక్కింది.

అయినా ఈ దశను ప్రేక్షకులు తిరస్కరించారని చెప్పలేము. చమురు దొరికి ధనికులై నగరానికి చేరిన పల్లెటూరి కుటుంబం కథ 'ది బెవర్లీ హిల్‌బిల్లీస్' (1962-71)ను విమర్శకులు తీవ్రంగా నిందించినా, మొదటి రెండు సంవత్సరాలు అదే ప్రథమ స్థానంలో ఉన్నది. మరోవైపు ఇదే కాలంలో ఉత్తమ రచనగా పేరుపొందిన 'ది డిక్ వాన్ డైక్ షో' (1961-66) మొదటి సంవత్సరంలో ఆదరణ లేక దాదాపు రద్దయ్యే స్థితికి వచ్చింది. తరువాత నిలదొక్కుకుని మొత్తం 15 ఎమ్మీ పురస్కారాలు పొందింది.

గ్రామీణ ధారావాహికల తొలగింపు

1970-71లో సీబీఎస్ సంస్థ గ్రామీణ నేపథ్యం గల కార్యక్రమాలను ఒక్కసారిగా తొలగించింది. కార్యక్రమాల అధికారి ఫ్రెడ్ సిల్వర్మన్ ఇందులో ప్రధాన పాత్ర వహించాడు. 'గ్రీన్ ఏకర్స్', 'ది బెవర్లీ హిల్‌బిల్లీస్', 'మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.' 1971లో ముగిశాయి. వీటిలో చివరిది మొదటి ఇరవై కార్యక్రమాలలో ఉండగానే రద్దయింది. ప్రేక్షకుల సంఖ్య కంటే వారి వయస్సు, కొనుగోలు శక్తి, నివాస స్థలం ప్రకటనకర్తలకు ముఖ్యం కావడమే ఇందుకు కారణం. పల్లెలలోని వారు, వృద్ధులు తాము ఇష్టపడిన కార్యక్రమాలను ఈ విధంగా కోల్పోయారు.

అయితే ఆ ఖాళీలోనే సిట్‌కామ్‌ల స్వర్ణయుగం మొదలైంది. 1970లో 'ది మేరీ టైలర్ మూర్ షో', 1971 జనవరి 12న నార్మన్ లియర్ నిర్మించిన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ', 1972లో 'మ్యాష్' ప్రారంభమయ్యాయి. జాతి వివక్ష, యుద్ధం, స్త్రీల ఉద్యోగ జీవితం వంటి విషయాలు హాస్యంలోకి వచ్చాయి. ఏబీసీ సంస్థ తిరస్కరించగా సీబీఎస్‌కు చేరిన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' వరుసగా ఐదు సంవత్సరాలు ప్రథమ స్థానంలో నిలిచింది. 1974-75లో మొదటి పదింటిలో ఎనిమిది సిట్‌కామ్‌లే.

'ది మేరీ టైలర్ మూర్ షో' సృష్టికర్తలు జేమ్స్ ఎల్. బ్రూక్స్, అలన్ బర్న్స్. వీరిలో బర్న్స్ 'మై మదర్ ది కార్' సృష్టికర్తలలో ఒకడు. బ్రూక్స్ కూడా దానికి రచన చేసినవాడే. పరిహాసానికి గురైన ధారావాహికకు పనిచేసిన రచయితలే ఐదేళ్ళలో ఉత్తమ ధారావాహికను అందించారు. దీనిని బట్టి 1960వ దశకంలో కొరవడినది ప్రతిభ కాదనీ, దానిని వినియోగించే అవకాశమనీ తెలుస్తున్నది.

1970వ దశకం చివరి భాగం

1975లో సిల్వర్మన్ ఏబీసీకి మారాడు. 'హ్యాపీ డేస్' 1976-77లోను, 'లావర్న్ అండ్ షర్లీ' తరువాతి రెండు సంవత్సరాలలోను ప్రథమ స్థానంలో నిలిచాయి. సామాజిక విషయాల స్థానంలో తేలికపాటి హాస్యం, 'త్రీస్ కంపెనీ' (1977-84) వంటి వాటిలో ద్వంద్వార్థపు సంభాషణలు ఎక్కువయ్యాయి.

1977 సెప్టెంబరు 20న ప్రసారమైన 'హ్యాపీ డేస్' భాగంలో ఫాంజీ అనే పాత్ర నీటిపై స్కీయింగ్ చేస్తూ సొరచేప మీదుగా దూకుతాడు. ఒక ధారావాహిక కథలు లేక విడ్డూరాలకు దిగి దిగజారడం మొదలుపెట్టిన క్షణాన్ని సూచించడానికి "సొరచేపను దూకడం" అన్న నుడికారం దీని నుండే ఇంగ్లీషులో ఏర్పడింది. ఆ భాగం తరువాత కూడా 'హ్యాపీ డేస్' 1984 వరకు కొనసాగడం గమనార్హం.

1980వ దశకం ఆరంభం: మంచివి ఉన్నా చూసేవారు లేని దశ

1983 ఫిబ్రవరి 28న 'మ్యాష్' చివరి భాగాన్ని పది కోట్లమందికి పైగా చూశారు. ఆ మరుసటి ప్రసార సంవత్సరం 1983-84లో మొదటి పదింటిలో మిగిలిన సిట్‌కామ్ 'కేట్ అండ్ ఆలీ' ఒక్కటే. 'డల్లాస్', 'డైనాస్టీ' వంటి గంట నిడివి గల ధారావాహికలు, సాహస కథలు మిగిలిన స్థానాలలో అధికభాగాన్ని ఆక్రమించాయి. సిట్‌కామ్ అంతరించిందన్న అభిప్రాయం ఈ కాలంలో బలంగా వ్యాపించింది.

వాస్తవానికి ఆనాటికే ఎన్‌బీసీలో 'చీర్స్' ప్రసారమవుతున్నది. 1982 సెప్టెంబరు 30న మొదలైన ఈ ధారావాహిక తొలి సంవత్సరంలో అట్టడుగు స్థానాలలో ఉన్నది. ఎన్‌బీసీ అధిపతి గ్రాంట్ టింకర్, కార్యక్రమాల అధికారి బ్రాండన్ టార్టికాఫ్ దానిని రద్దు చేయక ఓపిక పట్టారు. 1984 సెప్టెంబరు 20న మొదలైన 'ది కాస్బీ షో' గురువారం రాత్రులకు ప్రేక్షకులను తిరిగి రప్పించింది. 1986-87 నాటికి మొదటి పదింటిలో ఏడు సిట్‌కామ్‌లు ఉన్నాయి. వాటిలో 'చీర్స్' మూడవది. 1993 వరకు, పదకొండు సంవత్సరాలు, అది కొనసాగింది.

2000వ దశకం మధ్యభాగం

1990వ దశకంలో 'సైన్‌ఫెల్డ్' (1989-98), 'ఫ్రెండ్స్' (1994-2004), 'ఫ్రేజర్' (1993-2004) విజయవంతం కావడంతో, నగరంలో నివసించే అవివాహిత మిత్రుల కథలను అన్ని సంస్థలూ అనుకరించాయి. ఈ అనుకరణలలో అధికభాగం త్వరగానే మరుగున పడ్డాయి.

2000 వేసవిలో 'సర్వైవర్', 2002లో 'అమెరికన్ ఐడల్' ప్రారంభమయ్యాయి. రచయితలు, పేరున్న నటులు అవసరం లేని ఇటువంటి రియాలిటీ కార్యక్రమాలు తక్కువ ఖర్చుతో తయారయ్యేవి. 2004లో 'ఫ్రెండ్స్', 2005లో 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్' ముగిశాక, 2005-06లో మొదటి పదింటిలో ఒక్క సిట్‌కామ్ కూడా లేదు. 2004లో ఉత్తమ హాస్య ధారావాహికగా ఎమ్మీ పొందిన 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్' కూడా ప్రేక్షకులు లేక 2006 ఫిబ్రవరిలో నిలిచిపోయింది. 2007 నవంబరు నుండి వంద రోజులపాటు సాగిన రచయితల సమ్మె పరిస్థితిని మరింత కష్టతరం చేసింది.

కోలుకోవడానికి బీజాలు ఈసారి కూడా ఆ దశలోనే ఉన్నాయి. 2005లో మొదలైన 'ది ఆఫీస్' నవ్వుల ధ్వని లేకుండా, వార్తాచిత్రం వంటి చిత్రీకరణతో కొత్త దారి చూపింది. 2007లో 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' పాత పద్ధతిలోనే ప్రేక్షకుల ఎదుట చిత్రితమై 2019 వరకు 279 భాగాలు ప్రసారమైంది. 2009లో మొదలైన 'మోడరన్ ఫ్యామిలీ' వరుసగా ఐదుసార్లు ఎమ్మీ పొందింది.

స్ట్రీమింగ్ యుగం

2010వ దశకంలో నెట్‌ఫ్లిక్స్ వంటి ఇంటర్నెట్ సేవలు వ్యాపించాక క్షీణతను కొలవడం కష్టమయింది. సంవత్సరానికి 22 లేదా 24 భాగాలకు బదులు ఎనిమిది, పది భాగాలతో ధారావాహికలు వస్తున్నాయి. ఒకే సమయంలో దేశమంతా ఒకే హాస్యాన్ని చూడడం అరుదైంది. మరోవైపు, పూర్తయిన 'ఫ్రెండ్స్', 'ది ఆఫీస్' వంటి వాటిని కొత్త తరాలు ఈ సేవల ద్వారా చూశాయి. 2021 డిసెంబరులో ఏబీసీలో మొదలైన 'అబాట్ ఎలిమెంటరీ' మరుసటి సంవత్సరం మూడు ఎమ్మీలు పొంది, సంప్రదాయ ప్రసార సంస్థలలోనూ మంచి సిట్‌కామ్ పుట్టగలదని నిరూపించింది.

కారణాలు

పై చరిత్రను బట్టి క్షీణతకు దారితీసిన కారణాలను ఇలా సంగ్రహించవచ్చును.

అనుకరణ: ఒక ధారావాహిక విజయం పొందగానే దాని పైరూపాన్ని మాత్రమే అనుకరించడం. మంత్రగత్తెలు, భూతాల కథలకూ, తరువాతి మిత్రబృందాల కథలకూ ఇదే మూలం.

ప్రకటనకర్తల అభిరుచి: ఎందరు చూస్తున్నారన్నదాని కంటే ఎవరు చూస్తున్నారన్నది నిర్ణాయకం కావడం.

ఇతర ప్రక్రియల పోటీ: కౌబాయ్ కథలు, గంట ధారావాహికలు, రియాలిటీ కార్యక్రమాలు ఒక్కొక్క కాలంలో సిట్‌కామ్‌ల స్థానాన్ని ఆక్రమించడం.

ఓపిక లేకపోవడం: పాత్రలు ప్రేక్షకులకు అలవాటు కావడానికి వ్యవధి ఇవ్వకుండా రద్దు చేయడం. సిట్‌కామ్‌లో హాస్యం పాత్రల స్వభావం నుండి పుడుతుంది గనుక, వాటితో పరిచయం పెరిగేకొద్దీ నవ్వు పెరుగుతుంది.

మూల్యాంకనం

ఒక కాలాన్ని క్షీణ దశ అనడానికి ముందు ఏ కొలమానంతో చూస్తున్నామో స్పష్టపరచుకోవాలి. ఆదరణను బట్టి చూస్తే 1963-64 ఉచ్ఛదశ, 1983-84 పతనావస్థ. రచనను బట్టి చూస్తే ఈ తీర్పు తారుమారవుతుంది. 'ది డిక్ వాన్ డైక్ షో', 'చీర్స్' రెండూ మొదటి సంవత్సరపు లెక్కలను బట్టి రద్దు కావలసినవే. వాటిని నిలిపినవారు లేకపోతే ఆ కాలాలు నేడు మరింత బలహీనంగా కనిపించేవి. తొలి సంవత్సరంలోనే రద్దయిన వాటిలో ఇటువంటివి ఎన్ని ఉండేవో అంచనా వేయడానికి ఏ లెక్కా లేదు.