చెరువుకట్ట దాటిన సంచి

మా ఊరు వెంకటాచలంలో అవ్వ పిల్లిని పెంచింది ముద్దుకు కాదు, వడ్ల గాదె కోసం. పొలంలో ఎలుకల్ని యానాదులు చూసుకునేవాళ్లు. బొరియలోకి కుండతో పొగ ఊది పట్టేవాళ్లు. ఇంట్లో ఎలుక మాత్రం పిల్లిదే. ఆ పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పేది. కూనలు మరీ ఎక్కువైతే గోనెసంచిలో కట్టి, చెరువుకట్ట అవతల వదిలి రమ్మనేది అవ్వ. సంచి మోసింది నేనే. పీడ వదిలిందనుకున్నాం గానీ, ఆ గట్టున తిరిగే పిట్టల్ని ఎవరం లెక్కేశాం?

మా ఊరికి దక్షిణాన ఉన్న నేలపట్టు 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. అక్కడి గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి; ఆ నీళ్లే వాటికి కాపలా. నేలమీద గుడ్లు పెట్టే తీతువుకీ కౌజుకీ ఆ కాపలా లేదు. అలాంటి పిట్టల్ని పిల్లి ఏం చేయగలదో చూడండి: న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవిలో 1894లో దీపస్తంభం వెలిగింది. మనుషుల వెంట దిగిన పిల్లులు అక్కడి ఎగరలేని చిన్నపిట్టను కొద్ది ఏళ్లలోనే తుడిచిపెట్టాయి. మన చెరువులు దీవులు కావు, నిజమే. పిల్లి మాత్రం అదే పిల్లి.

జంతువును ఆకలికి వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడున్న పిల్లికి పశువుల డాక్టరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. రాత్రిళ్లు తలుపేసి లోపలే ఉంచుతాం.