బొగ్గుమసిలో దొరకిన బంతి



నేను అరకులోయలో ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒక కోదు బాలుడు వాగుగట్టున దొరకిన నల్లని రాతిముక్కను బడికి తెచ్చెను. అది మెఱయుచుండెను; ముట్టినవారి వ్రేళ్లకు అంటుచుండెను. వాని యింటి భాష కువి. నా కొఱకు తెలుగు కూడదీసికొని, “మాస్టారూ! ఇది బొగ్గా? బొగ్గయినచో ఇట్లు మెఱయుటేల?” అని యడిగెను. నేను పద్యము చెప్పుచుంటిని. “ముందు చేతులు కడిగికొని రమ్ము” అంటిని. వాడు కడిగికొని వచ్చి కూర్చుండెను గాని, ఆ ప్రశ్న మరల అడుగలేదు. ఆ ప్రశ్నకు నేడు సమాధానము చెప్పవలెనని నా ప్రయత్నము.

మన తూర్పు కనుమలలో విరివిగా కానవచ్చు ఒక రాతిజాతికి ఖొండలైటు అని పేరు. 1902లో వాకర్ అను భూవిజ్ఞాని ఈ కొండలలో నివసించు కోదుల పేరనే దానికి ఆ నామ ముంచెను. కోణార్క దేవాలయము చాలవఱకు ఈ జాతి రాతితోనే కట్టబడినది. ఈ రాతియందు పలుచోట్ల గ్రాఫైటు కలదు. పెన్సిలులో వ్రాయు నల్లని పదార్థ మదియే. బాలుడు తెచ్చినదియు నదియే.

బొగ్గు, గ్రాఫైటు, వజ్రము, ఈ మూడింటికిని మూలపదార్థము కర్బనమే. భేదమంతయు పరమాణువుల కూర్పులో నున్నది. వజ్రమున ఒక్కొక్క పరమాణువు నాలుగింటిని గట్టిగా పట్టుకొనియుండును. కావున అది కఠినము. గ్రాఫైటున షడ్భుజుల పొరలు ఒకదానిపై నొకటి పఱచియుండును. ఆ పొరలు జాఱును. కావుననే వ్రేళ్లకు అంటును. ఆ పొరలలో స్వేచ్ఛగా కదలాడు ఎలక్ట్రానులవలన మెఱయును.

కణాద మహర్షి పరమాణువులను గూర్చి తర్కించెనని మన పెద్దలెఱుగుదురు. అంతమాత్రమున నేను చెప్పబోవు వస్తువు మన శాస్త్రములలో నుండెననుట న్యాయము కాదు. అది తర్కముచే తేలిన మాట. ఇది తూనికచే తేలినది.

1970లో జపానుదేశమున ఎయిజి ఒసావా అను రసాయనవేత్త, 60 కర్బన పరమాణువులు కాలిబంతి ఆకారమున కూడి నిలువవచ్చునని ఊహించి స్వభాషలో ప్రకటించెను. పాశ్చాత్యులు దానిని చదువలేదు. స్వభాషలో వ్రాయుట ఆయన తప్పు కాదు. వినవలసినవారు వినకపోవుటయే లోపము.

పదునైదేండ్లు గడచెను. 1985 సెప్టెంబరులో ఇంగ్లండునుండి హెరాల్డ్ క్రోటో అను ఆచార్యుడు అమెరికాలోని హ్యూస్టన్ నగరమున రైస్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. నక్షత్రముల చెంత కర్బనపు గొలుసు లెట్లేర్పడునో తెలిసికొనవలెనని ఆయన కోరిక. అచ్చటి ఆచార్యులు రిచర్డ్ స్మాలీ, రాబర్ట్ కర్ల్. యంత్రముచెంత పనిచేసిన విద్యార్థులలో జేమ్స్ హీత్, షాన్ ఒబ్రయన్ అనువారు ముఖ్యులు. వారు లేసరు కిరణముతో గ్రాఫైటును ఆవిరిచేసి, హీలియము వాయువులో చల్లార్చి, పుట్టిన అణువులను తూచిరి. 720 తూనికగల అణువు తక్కిన వానికంటె మిక్కుటముగా కానవచ్చెను. కర్బన పరమాణువు తూనిక 12. కావున అందు 60 పరమాణువులున్నవి.

దాని ఆకార మెట్టిది? చదునైన పొరయైనచో అంచుల నుండు పరమాణువులు చేతులు చాచి ఇతర పదార్థములను పట్టుకొనవలెను. ఇది దేనిని పట్టుకొనుటలేదు. కావున దీనికి అంచులే యుండరాదు. స్మాలీ ఒక రాత్రి కూర్చుండి కాగితపు షడ్భుజులను కత్తిరించి అతికించెను, అవి ముడుచుకొనలేదు. నడుమ పంచభుజులను చేర్చగా చక్కని గోళమయ్యెను. 12 పంచభుజులు, 20 షడ్భుజులు, 60 మూలలు! వెదురుబద్దలతో ఆరు మూలల కన్నులుగా అల్లినచో అల్లిక చదునుగా సాగును. గంపకు వంపు రావలెనన్నచో నడుమనడుమ ఐదు మూలల కన్ను వేయవలెను. విశ్వవిద్యాలయమున కాగితముతో తేలిన సూత్రము వెదురుబద్దకును చెల్లును.

గుమ్మటముల కట్టడమునకు ప్రసిద్ధుడైన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ పేర ఈ జాతి అణువులకు ఫుల్లరీను లని పేరిడిరి. ఒక మిల్లీమీటరు పొడవున ఇట్టి బంతులను వరుసగా పేర్చినచో 10 లక్షలు పట్టును. 1996లో ముగ్గురు ఆచార్యులకు నోబెలు బహుమానము వచ్చెను. ఒక బహుమానమును మువ్వురికి మించి పంచరాదని నియమము, విద్యార్థులకు అందలేదు.

ఐనను 1985లో దొరకినది కంటికానని కొలదిమాత్రమే. అంతకు ముందే, 1983లో, క్రాచ్‌మర్, హఫ్‌మన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు తాము చేసిన మసిలో ఏదో వింతగుఱుతును చూచి, మలినమని ప్రక్కకు పెట్టిరి. రైస్ వార్త విన్న పిమ్మట మరల పూని, 1990లో రెండు గ్రాఫైటు కడ్డీల నడుమ హీలియములో విద్యుత్తు పాఱించి, వచ్చిన మసిని బెంజీనులో కలిపిరి. ద్రవము ఎఱ్ఱనయ్యెను. పారవేయదగినదని తలచిన మసిలోనే ఆ బంతి దాగియుండెను! నాటినుండి అనేక విశ్వవిద్యాలయములలో క్రొత్త పంజరములను చేయుట సాగినది. 2011లో క్యోటో విశ్వవిద్యాలయమువారు బంతికి రంధ్రము చేసి, ఒక్క నీటి అణువును లోనికి పంపి, మరల మూసిరి. క్రోటో వెదకిన ఆకాశమునందును 2010లో దూరదర్శినిచే ఈ అణువు కానవచ్చెను.

మన తెలుగునాటికిని ఇందు భాగము కలదు. 1992లో రష్యాలోని కరేలియా రాతిలో సహజముగా నేర్పడిన ఫుల్లరీను దొరకెను. 1998లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఆ జాతి రాతిని పరీక్షించి దాని యునికిని తెలిపిరి. 2007లో నాటి కడప జిల్లా మంగంపేట ప్రాంతపు రాతియందును ఫుల్లరీ నున్నట్లు భూవిజ్ఞానులు ప్రకటించిరి. మంగంపేట ముగ్గురాతికి ప్రసిద్ధికెక్కిన చోటు. సూర్యకాంతినుండి విద్యుత్తును తీయు కొన్ని పలకలలో పరిశోధకులు ఈ జాతి అణువులను వాడిరి. కాని వీని పేరు చెప్పి సర్వరోగములకు మందని అమ్మువారిని నమ్మవలదు.

పెద్దలారా! ఒసావా మాటను పాశ్చాత్యులు చదువలేదు. క్రాచ్‌మర్, హఫ్‌మన్‌లు తమ మసిని తామే త్రోసివేసి, ఏడేండ్లకు తప్పు దిద్దుకొనిరి. నేను ఒక బాలుని ప్రశ్నను త్రోసివేసితిని. దిద్దుకొనుటకు వాడు నేడు నా యెదుట లేడు. తన జాతి పేరు మోయు కొండలలోని రాతిని గూర్చియే వాడు నన్నడిగెను.

మీ మనుమలు నల్లరాయి చేతబట్టుకొని వచ్చినప్పుడు ముందు రాతిని చూడుడు. మీకు తెలియనిచో తెలిసినవారియొద్దకు పంపుడు. చేతులు తరువాత కడుగవచ్చును.