పెరటి సందు తలుపు

ఇళ్ల చరిత్ర రాసేవాళ్లు వీధి గుమ్మం చెక్కడాల గురించి, మండువా స్తంభాల గురించి చాలా రాశారు. నాకు మాత్రం పెరటి సందు తలుపు గురించి రాయాలని ఉంది. పనికి వచ్చే మనిషి కోసం ఇంటిని సిద్ధం చేయడమంటే ఏమిటో ఆ తలుపుకి బాగా తెలుసు.

కళాయి పూసే అతను వస్తే ఇల్లేమీ సర్దనక్కర్లేదు. వీధిలోనే కొలిమి పెట్టుకునేవాడు. ఆడవాళ్లు ఇత్తడి గిన్నెలు చింతపండుతో తోమి అరుగు మీద పెడితే చాలు.

దొడ్డి సంగతి వేరు. మా అమ్మమ్మ వాళ్ల పెంకుటింట్లో అది పెరటి చివర ఉండేది. దాని వెనక గోడకి, సందువైపు, మోకాలెత్తు రేకు తలుపు. తెల్లవారుజామునే ఒకామె ఆ తలుపు తీసి, రేకుముక్కతో మలం గీకి తట్టలోకి ఎత్తుకునేది. ఆమె వచ్చేలోపు పొయ్యిలో బూడిద తెచ్చి దొడ్లో పోయాలి, దండెం మీది మడిబట్టలు తీసేయాలి, బావి చేద లోపల పెట్టాలి, పిల్లల్ని లోపలికి పిలవాలి. ఇదంతా ఆడవాళ్ల పనే. వీటిలో ఆమెకి పనికొచ్చేది బూడిద ఒక్కటే. మిగతావన్నీ ఆమె తాకిడి నుంచి ఇంటిని కాపాడుకోవడానికి! దీన్ని మనం ఆచారం అంటాం గానీ, ఆ తలుపు మేస్త్రీ కొలత తీసి కట్టిన అంటరానితనం. లోపల బూడిద పోసిన చేతులూ బయట ఎత్తిన చేతులూ ఆడవాళ్లవే. అంతమాత్రాన రెండిటినీ ఒకే గాటన కట్టలేను.

వాటాల ఇళ్లలో దొడ్డి ఒకటే, బూడిద వంతుల దగ్గర తగువులు మాత్రం బోలెడు.

పొడి మరుగుదొడ్లని 1993 చట్టం నిషేధించింది. బెజవాడ విల్సన్ తదితరుల సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని కూడా 2013 చట్టం నేరం చేసింది. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకి 2014లో కోర్టు నిర్ణయించిన 10 లక్షల పరిహారాన్ని 2023లో 30 లక్షలకి పెంచారు. పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదన్నమాట.

ఇప్పుడు ట్యాంకు లారీ వస్తుంది. మూత మీది పూలకుండీలు జరుపుతాం, కిటికీలు మూస్తాం. అంటే ఇప్పటికీ మన ముక్కుల గురించే మన ఏర్పాట్లు. గొట్టానికి అందని అడుగు మడ్డి కోసం ఎవరైనా దిగబోతే వద్దని ఆపేవాళ్లెందరు? హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే వాసన కూడా తెలియదు, కాబట్టి మూత దగ్గర వాసన చూసి ధైర్యం చెప్పడం కుదరదు.

పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి మా అపార్ట్‌మెంటులో వాళ్లకి ఒక కుళాయి చూపిస్తారు. అదీ వెనకవైపే ఉంది. సబ్బు పెట్టే వంతు ఎవరిదో ఇంకా తేలలేదు.